కాప్టెన్ గాబోర్ ఎడమ మోకాలు

ఫిజియోథెరపీ చదివిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు రాయచోటిలో మా ఇంటికి వస్తుంటారు. “చాచా, మీరు సౌదీలో ఫుట్‌బాల్ క్లబ్బులో పని చేసినారంట గదా, ఆ పని ఎట్లుంటుందో చెప్పండి” అంటారు. వాళ్ళ కళ్ళల్లో ఏసీ గది, విదేశీ ఆటగాళ్ళు, వాళ్ళ భుజం మీద చెయ్యేసి దిగే ఫొటోలు మెరుస్తుంటాయి. నేను తడి మేజోళ్ళ కంపు దగ్గర మొదలుపెడతాను. సగం మంది టీ తాగేసి వెళ్ళి మళ్ళీ ఈ వీధిలోకి రారు. వచ్చిన మిగతా సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు ఖాదర్ బాషా. బురైదాలో ఒక చిన్న క్లబ్బుకు ఫిజియోగా పనిచేసి, నిరుడు పెట్టె సర్దుకుని వచ్చేశాను. చిన్న క్లబ్బు అంటే మరీ చిన్నది. పై డివిజన్లోకి ఎక్కాలని ఏటా మొదట్లో కలలు కంటుంది. ఏడాది చివర్లో, కిందికి జారకపోతే చాలు దేవుడా అంటుంది. క్లబ్బు అధ్యక్షుడికి ఖర్జూరం తోటలున్నాయి. నా వీసా ఆ తోటల లెక్కలోదే కాబట్టి, ఇఖామాలో, అంటే అక్కడి నివాస కార్డులో, నా వృత్తి ‘తోట పనివాడు’. ఒక్క చెట్టుకూ నీళ్ళు పోయకుండా రిటైరైన తోట పనివాణ్ణి మా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఈ పనేమిటో దాపరికం లేకుండా చెప్తాను. ఎంత గొప్ప పేరు పెట్టినా ఇది కాళ్ళు పిసికే పని. మీరు బట్టీపట్టిన కండరాల పేర్లు కొన్నాళ్ళకే చేతివేళ్ళకు వచ్చేస్తాయి. అసలు కష్టం అది కాదు. మనిషి బల్ల మీద బోర్లా పడుకుని, ముఖం కిందికి పెట్టుకున్నాడంటే నిజాలు చెప్పడం మొదలుపెడతాడు. పెళ్ళానికి చెప్పనివీ, తల్లికి చెప్పనివీ చెప్తాడు. వాటిని అక్కడే పాతిపెట్టాలి, జీతం ఇచ్చే దొర వచ్చి తవ్వమన్నా సరే. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. నాకు ఆ వాక్యం ఒంటబట్టడానికి ఒక హంగేరీ మోకాలు కావలసి వచ్చింది.

మరి పాతిపెట్టమంటూనే నువ్వెందుకు తవ్వుతున్నావయ్యా అంటారేమో! ఆ మోకాలి ఆసామే ఫోన్లో అనుమతిచ్చాడు. “రాసుకో బాషా. ఆ పాతదాన్ని డాక్టర్లు తీసి పారేశారు. ఇప్పుడున్నది స్టీలు. స్టీలుకు గుట్టేమిటి?” అన్నాడు.

కారు దిగిన కాలు

మా అధ్యక్షుణ్ణి అందరం రయీస్ అని పిలిచేవాళ్ళం. అధ్యక్షుడు అనే అర్థం. మంచివాడే, కానీ వ్యాపారి. ఖర్జూరం పండును వేళ్ళతో నొక్కి చూసినట్టు మనిషినీ నొక్కి చూసేవాడు. ఒక ఏడాది మా జట్టు వరసగా ఓడిపోయి మునిగే స్థితికి వచ్చింది. రయీస్ విమానమెక్కి ఎక్కడికో పోయి, హంగేరీ దేశపు పాత ఆటగాణ్ణి ఒకాయన్ని కోచ్‌గా తీసుకొచ్చాడు. ఆయనే గాబోర్.

ఆ పేరు వినగానే ఆఫీసులో వాళ్ళంతా కుర్చీల్లోంచి లేచారు. నేను మాత్రం “ఎవరాయన?” అన్నాను. నన్ను పురుగును చూసినట్టు చూశారు. నా తప్పేముంది చెప్పండి? మన వైపు ఆట అంటే క్రికెట్టు, అది కాకపోతే కబడ్డీ. తర్వాత ఎవరో దయతలచి వివరించారు. ఆయన ఎడమ కాలంటే ఒకప్పుడు యూరప్‌లో గోల్‌కీపర్లకు నిద్రపట్టేది కాదట. ఒక పెద్ద ఫైనల్లో చివరి పెనాల్టీ కొట్టి దేశాన్ని గెలిపించాడట. పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారట. సొంత ఊళ్ళో విగ్రహం కూడా పెట్టారట, బతికుండగానే.

ఆయన కారు దిగిన రోజు అందరూ ముఖం చూశారు, నేను కాలు చూశాను. ఇది మా వృత్తి జబ్బు, పెళ్ళికి పోయినా పెళ్ళికొడుకు నడకే చూస్తాం. ఆయన ముందు కుడికాలు దించాడు. తలుపు పట్టుకున్నాడు. తర్వాత ఎడమకాలిని ప్యాంటు గుడ్డ పట్టి పైకి లేపి, పక్కింటి పసిబిడ్డను దించినంత జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. రయీస్ కౌగిలింతల్లో, కెమెరాల వెలుగులో అది ఎవరికీ కనబడలేదు. నాకు కనబడిన సంగతి మాత్రం గాబోర్‌కు కనబడింది. పక్కనుంచి పోతూ నాకు కన్ను కొట్టాడు.

సాయంత్రం నా గదికి వచ్చి తలుపు మూశాడు. అక్కడ కోచ్‌ను కూడా కాప్టెన్ అంటారు. మా ఇద్దరి భాష సగం ఇంగ్లీషు, పావు అరబ్బీ, మిగతాది చేతులు తిప్పడం.

“నువ్వు చూశావు” అన్నాడు.

“నేనేం చూడలేదు కాప్టెన్” అన్నాను.

“మంచిది. అయితే ఇప్పుడు చూడు” అని ప్యాంటు పైకి లాగాడు.

యా అల్లా! నీరు పట్టి గుమ్మడికాయలా ఉంది. గుజ్జు మొత్తం అరిగిపోయింది. చెయ్యి పెట్టి కాలు మడిస్తే, ఎన్నాళ్ళుగానో తియ్యని తలుపులా కిర్రుమంది. మన వైపు మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకు అంటారు గదా, ఈయనకు రెండూ ఉన్నాయి, రెండూ నున్నగా అరిగిపోయాయి.

“ఆపరేషన్ చేయించుకోవాలి కాప్టెన్. రయీస్‌కు చెప్పండి.”

“చెప్తే ఖురూజ్ కొడతాడు” అన్నాడు. వచ్చిన రోజే ఆ మాట నేర్చుకున్నాడు మహానుభావుడు. ఖురూజ్ అంటే దేశం విడిచి ఇక రాకుండా వెళ్ళిపోవడానికి పడే ముద్ర. “మీ రయీస్ కోచ్‌ను కొనలేదు బాషా. ఆ ఎడమ కాలును కొన్నాడు. కుర్రాళ్ళతో పాటు మైదానంలో దిగి తన్ని చూపిస్తానని అందరికీ చెప్పుకున్నాడు.”

“ఇంటికి పోతే ఏమవుతుంది? మీకు అక్కడ విగ్రహం కూడా ఉందంట గదా!”

ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. “ఉంది. కాలెత్తి నిలబడి ఉంటుంది. దానికి రెండు మోకాళ్ళూ బ్రహ్మాండంగా ఉన్నాయి. జనం దాన్ని చూసి టోపీ తీస్తారు, నన్ను చూసి జాలిపడతారు. ఆ ఊళ్ళో నేను నా బొమ్మకు కాపలావాణ్ణి. ఇక్కడైతే పొద్దున్నే లేచి పోవడానికి నాకొక మైదానం ఉంది, తిట్టడానికి కుర్రాళ్ళున్నారు. నాకు ఇది కావాలి బాషా. దీన్ని పోగొట్టకు.”

ఆ మోకాలి గుట్టు అట్లా నా మెడకు చుట్టుకుంది.

మచ్చలు చెప్పిన చరిత్ర

గొప్పవాళ్ళ జీవితచరిత్రలు పుస్తకాల్లో చదవండి, కాదనను. కానీ ఆటగాడి చరిత్ర మొత్తం వాడి ఒంటి మీదే ఉంటుంది. నేను గాబోర్ జీవితాన్ని కింది నుంచి పైకి చదివాను.

కుడి పాదం కింద ఒక పాత గీత. అది చిన్నప్పటిది. తీసా నది ఒడ్డున వాళ్ళ ఊరు. వాళ్ళ నాన్న మిరప్పొడి పట్టే మిల్లులో పనిచేసేవాడు. బంతి కొనే స్తోమత లేక, అమ్మ మేజోళ్ళు దొంగిలించి అందులో గుడ్డపీలికలు కుక్కి బంతి చేసేవారు. వట్టికాళ్ళతో ఆడుతుంటే సీసాపెంకు దిగింది. అమ్మ ముందు కట్టు కట్టి, తర్వాత మేజోడు కనిపెట్టి కొట్టిందట.

చీలమండ దగ్గర మూడు చుక్కలు. ఏదో వాన కురిసే ఊళ్ళో ఒక డిఫెండర్ బూటు మేకులు గుర్తుగా ఇచ్చి పోయాడు. అప్పటికి గాబోర్ పేరు పత్రికల్లో వస్తోంది. తర్వాత మోకాలు. పొడుగాటి గాటు, రైలుపట్టాల్లా కుట్లు. అదే ఆయన వైభవం. ఆ పెద్ద ఫైనల్‌కు ముందే ఆ కీలు చెడిపోయింది. సూది వేసి ఆడించారు. నొప్పి తెలియదు గదా, గెలిచాడు, విగ్రహమయ్యాడు. ఆ తర్వాత ప్రతి మ్యాచికీ సూదే. “నొప్పి అనేది ఇంటి కాపలా కుక్క బాషా. దాన్ని మత్తుమందు పెట్టి పడుకోబెట్టి దొంగల్ని రానిచ్చారు. నేనే తలుపు తీశాను” అన్నాడు ఒకసారి.

ఈ మాట రాసిపెట్టుకోండి. సూది అడిగే ఆటగాడు ఉంటాడు, వెయ్యమనే దొర ఉంటాడు, వేసే డాక్టరు కూడా దొరుకుతాడు. గదిలో వద్దు అనే మనిషి ఒకడుండాలి. ఆ ఒకడు మీరే. వద్దు అనలేకపోతే ఈ వృత్తిలోకి రాకండి, మంగలి షాపు పెట్టుకోండి, అక్కడా మాలిష్ ఉంటుంది.

ఇక కనుబొమ మీద మచ్చ. ఒక పత్రిక అట్ట మీద ఆ మచ్చను పెద్దగా వేసి వీరుడన్నారట. రక్తం కారుతున్నా తలతో గోల్ కొట్టాడని మా కుర్రాళ్ళు కూడా కథలుగా చెప్పుకునేవాళ్ళు. నేను నమ్మాను. ఒకరోజు నడుం పిసుకుతుంటే హాయిగా ఉండి నోరు జారాడు. అది ఆయన రెండో భార్య కోపంగా మూసిన ఫ్రిజ్ తలుపట! “ఎవరికైనా చెప్పావో...” అని వేలు చూపించాడు. నేను ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడే.

సంగటి ముద్ద

రయీస్ ఆయనకు పథ్యం పెట్టాడు. బొజ్జ తగ్గితే ఫొటోల్లో బాగుంటాడని ఆకులు, దోసకాయలు పంపేవాడు. గాబోర్ వాటిని కిటికీలోంచి క్లబ్బు మేకకు వేసి, గురువారం సాయంత్రం నా గదికి వచ్చేవాడు. నేను రాగి సంగటి కెలికి, నాటుకోడి పులుసు పెట్టేవాణ్ణి. పిండీ, కారమూ మా ఇంటి నుంచి వచ్చేవి.

మొదటిసారి ముద్ద పులుసులో అద్ది నోట్లో పెట్టుకోగానే ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. హంగేరీ మిరప తియ్యగా ఉంటుందట, మనది నరాలు లాగుతుంది. నీళ్ళివ్వబోయాను. వద్దన్నాడు. కారం డబ్బా తెరిచి వాసన చూశాడు, ఇంకోసారి చూశాడు. “మా నాన్న” అన్నాడు. మిల్లు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు వాళ్ళ నాన్న కనుబొమల నిండా ఎర్రటి పొడి ఉండేదట, ఎత్తుకుంటే తుమ్ములొచ్చేవట.  మా నాన్నది కూడా పిండిమరే. ఆయన కంచంలో ఇంకో ముద్ద పెట్టాను.

ఆ గురువారాల్లోనే మల్లేశం పరిచయమయ్యాడు. నాటుకోళ్ళు తెచ్చి ఇచ్చేది వాడే. జగిత్యాల వైపు మనిషి, ఖర్జూరం తోటల్లో నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. పక్క క్యాంపు మలయాళీలు “మీ తెలుగువాళ్ళకు ఫుట్‌బాల్ ఏం తెలుసు?” అన్నారని పౌరుషం వచ్చి జట్టు కట్టాడు. ప్రతి శుక్రవారం పొద్దున ఆడేవాళ్ళు. ప్రతి శుక్రవారం ఓడేవాళ్ళు.

“బాషన్నా, రేపు మనకు ఒగడు తక్కువ పడ్తుండు. నువ్వొస్తవా?” అన్నాడు మల్లేశం.

“నాకు బంతి తన్నడం రాదప్పా.”

ఏమంటున్నాడని గాబోర్ అడిగాడు. చెప్పాను. చెప్పడమే నా కొంప ముంచింది. “నేనొస్తా” అన్నాడు ఆయన.

మల్లేశం ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. “గీ తాత ఎవలన్నా?”

“మా క్లబ్బులోనే పని చేస్తాడు” అన్నాను. అబద్ధం కాదు గదా.

మల్లేశం చూపు బొజ్జ దగ్గర ఆగింది. “సరే తియ్. గోల్ల నిలవెడ్దాం” అన్నాడు.

శుక్రవారం జట్టు

మన ఊళ్ళల్లో ఆటకు ఒక శాసనం ఉంది. లావుగా ఉన్నవాడు, వయసైనవాడు, ఆట రానివాడు గోల్‌లో నిలబడాలి. యూరప్ గోల్‌కీపర్లకు నిద్రలేకుండా చేసిన మనిషిని ఆ శాసనం ప్రకారం రెండు నూనె డ్రమ్ముల మధ్య నిలబెట్టారు. ఖర్జూరం గోదాము వెనక ఇసుక నేల అది. మలయాళీలు మొదటి బంతిని డ్రమ్ము పక్కనుంచి దూర్చేశారు. గాబోర్ ఎడమ వైపు వంగబోయి వంగలేకపోయాడు.

“ఏయ్ తాతా! గా కాలు కిరాయికి తెచ్చినవా ఏంది? జల్ది ఉరుకు!” అని మల్లేశం మైదానం దద్దరిల్లేలా అరిచాడు.

ఏమన్నాడని గాబోర్ నన్ను అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన డ్రమ్ము పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. “ఎన్నేళ్ళయింది బాషా, నన్నెవరైనా ఇట్లా తిట్టి! అందరూ ఫొటో అడుగుతారు. బంతి ఎందుకు వదిలావని ఒక్కడూ అడగడు” అన్నాడు.

ఆ తర్వాత శుక్రవారం వద్దన్నా ఆగేవాడు కాదు. నేను పొద్దున్నే మోకాలికి పట్టీ చుట్టి పంపేవాణ్ణి, మధ్యాహ్నం ఐస్ పెట్టేవాణ్ణి. ఫిజియోగా నేను ఒప్పుకోకూడదు. ఆ వాపు చూసి మండిపడేవాణ్ణి కూడా. కానీ క్లబ్బులో కర్రలా నిలబడే మనిషి అక్కడ చిన్నపిల్లాడిలా కేకలు వేస్తుంటే నోరు రాలేదు. ఈ ముచ్చట్లో తప్పెంత ఒప్పెంత అని అడిగితే ఇప్పటికీ తడబడతాను.

కథ మలయాళీల దగ్గర అడ్డం తిరిగింది. మనవాళ్ళకు ఆయనెవరో తెలియదు గానీ, వాళ్ళు ఫుట్‌బాల్ తాగి పెరిగినవాళ్ళు. ఒక శుక్రవారం వాళ్ళ గోల్‌కీపర్ అవతలి నుంచి అట్లా చూస్తూ చూస్తూ, ఆట మధ్యలో గోల్ వదిలేసి నడిచొచ్చి గాబోర్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ గోల్‌లో మల్లేశం బంతి కొట్టి గంతులేశాడు, మనవాళ్ళ జట్టు కొట్టిన మొట్టమొదటి గోల్ అది. ఆ సందట్లో ఎవడో ఫోన్ తీశాడు. గాబోర్ కుంటుతూ డ్రమ్ముల వెనక బంతి ఏరుకోవడం, మల్లేశం తిట్టడం, అంతా వీడియోలోకి ఎక్కింది. సాయంత్రం అసర్ నమాజు వేళకు బురైదాలో ఆ వీడియో చూడని ఫోన్ లేదు.

తాగని గహ్వా

రయీస్ నన్ను మజ్లిస్‌కు, అంటే అతిథులను కూర్చోబెట్టే పెద్ద గదికి, పిలిపించాడు. గోడల వెంట దిండ్లకు ఆనుకుని ఖర్జూరం వ్యాపారులు, ఊరి పెద్దలు కూర్చుని ఉన్నారు. రయీస్ ఫోన్ నా ముందు పెట్టాడు.

“ఈ మనిషి మా కోచ్‌ను ఏమంటున్నాడు?”

“ఆయన ఆయుష్షు పెరగాలని దువా చేస్తున్నాడు షేక్.”

“దువా ఇంత గట్టిగానా?”

“వాళ్ళ వైపు దేవుడికి వినబడేలా అడుగుతారు.”

మూలన ఒక పెద్దాయన మీసాల్లో నవ్వాడు. రయీస్ నవ్వలేదు. “బాషా, నువ్వు ఎవరి మనిషివి?”

“మీ మనిషినే.”

“అయితే చెప్పు. కుంటుతున్నాడు. ఆ మోకాలిలో ఏముంది?”

అప్పుడే గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోసేవాడు చిన్న కప్పు నా చేతిలో పెట్టాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగాలేదంటే గాబోర్ విగ్రహం దగ్గరికి పోతాడు. బాగుందంటే నాకు అన్నం పెట్టిన మనిషికి ముఖం మీద అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. నా నుదుటి మీద చెమట పట్టింది, ఏసీ కింద కూర్చుని.

అక్కడొక ఆచారం ఉంది. మామూలుగా గహ్వా ఇచ్చిన వెంటనే తాగాలి, చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపి తిరిగి ఇవ్వాలి. కానీ అతిథి తాగకుండా కప్పును కింద పెట్టాడంటే, నాకొక కోరిక ఉంది, నువ్వు తీర్చేదాకా నీ ఇంటి గహ్వా ముట్టను అని అర్థం. ఇంటాయన కోరిక అడక్కపోతే పరువు పోతుంది. పాత తెగల నాటి పద్ధతి ఇది. పెళ్ళి మాటలప్పుడూ, తగాదాలు తీర్చేటప్పుడూ అరబ్బులే చేస్తారు. తోట పనివాడి ఇఖామా మీద ఉన్న రాయచోటి ఫిజియో చెయ్యడు.

నేను కప్పును తివాచీ మీద పెట్టాను.

మజ్లిస్ మొత్తం నా కప్పునే చూసింది. రయీస్ ముఖం ఎర్రబడింది. పెద్దలందరూ ఉన్నారు, తప్పదు. “ఏమిటి నీ కోరిక?” అన్నాడు.

“నా బల్ల మీద పడుకున్న మనిషి గురించి నన్ను అడక్కండి షేక్. కోచ్ గురించే కాదు, ఎవరి గురించీ. రేపు మీ నడుం నా బల్ల మీదికి వస్తే, మీ గురించి కూడా ఎవరికీ చెప్పను.”

మూల పెద్దాయన ఈసారి పైకే నవ్వాడు. రయీస్ నడుం నొప్పి ఊరందరికీ తెలుసు. రయీస్ నన్ను చాలాసేపు నొక్కి చూసినట్టు చూసి, “తాగు నీ గహ్వా” అన్నాడు. అంటే కోరిక తీరినట్టు.

తాగాను. కానీ వ్యాపారి ఒట్టిచేతులతో బేరం వదలడు. “నిన్ను అడగను. ఆ కాలునే అడుగుతాను. వచ్చే వారం మన కొత్త మైదానం ప్రారంభోత్సవం. ఊరంతా చూస్తుండగా గాబోర్ పెనాల్టీ తన్నాలి, ఆయన్ను గొప్పవాణ్ణి చేసిన తన్ను. బంతి గోల్‌లో పడితే వచ్చే ఏడాది కూడా ఉంటాడు. లేకపోతే ఖురూజ్” అన్నాడు. గహ్వా ఎప్పుడూ చేదే, ఆ గుటక ఇంకా చేదుగా దిగింది.

మీకు ప్రతిచోటా గహ్వా దొరకదు. యాన్బులోనో ఖతీఫ్‌లోనో కంపెనీ ఆఫీసులో మేనేజరు ముందు కూర్చుంటే కాగితం కప్పులో నెస్కెఫే ఇస్తారు, దాన్ని కింద పెడితే చల్లారుతుంది, అంతే. అక్కడ నోటితోనే చెప్పాలి, చెప్పను అని. మొదట్లోనే చెప్పడం అలవాటు చేసుకోండి.

సూది, వద్దు, మల్లేశం

సంగతి చెప్పగానే గాబోర్ బల్ల మీద కూర్చుని “సూది వేయించు” అన్నాడు.

“వేయించను.”

“ఒక్క తన్ను బాషా! ఒక్కటే!”

“మొదటిసారి కూడా మీకు ఒక్కటే అని చెప్పుంటారు” అన్నాను. ఆయన హంగేరీ భాషలో నన్ను తిట్టాడు. అర్థం కాకపోయినా మా అమ్మ దాకా వెళ్ళాడని తెలిసింది. నేను కూడా రాయచోటి భాషలో తిట్టాను. అరిగిన కీలు మీద బరువుగా తిప్పి తన్నితే అది బిగుసుకుపోతుంది, ఊరందరి ముందూ బొక్కబోర్లా పడతాడు. తన్నకపోయినా పోయేదే ఉద్యోగం. ఆయన తల పట్టుకున్నాడు. 

అప్పుడు మల్లేశం కోడిని చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయనెవరో వాడికి అప్పటికి తెలిసిపోయింది. తెలిసినా వాడేం మారలేదు. “ఏమైందన్నా, గిట్ల మొఖాలు ఏలాడేసిండ్రు?” అన్నాడు. చెప్పాను.

“గాయన తన్నుడెందుకు?” అన్నాడు మల్లేశం ఆశ్చర్యంగా. “గాయన గోలీ గదా! గోల్ల నిలవెట్టుండ్రి. తన్నెటోడు తన్నుతడు.”

లోకంలో గాబోర్‌ను గోల్‌కీపర్ అనుకునే మనిషి వాడొక్కడే. నేను నవ్వి, ఊరికే అనువాదం చేశాను. గాబోర్ నవ్వలేదు. తల పైకెత్తి, “మరి ఎవరు తన్నాలి?” అన్నాడు. నేను ఆయన్ను చూశాను, ఆయన నన్ను చూశాడు. ఇద్దరికీ ఒకే బొజ్జ, ఒకే తెల్ల తోబు, ఆ పొడుగాటి అరబ్బు అంగీ, కళ్ళ ముందు మెదిలాయి.

మిగతా పథకం గాబోర్‌దే. రయీస్ తన్నుతాడు. గాబోర్ కావాలనే తప్పు వైపు వాలి, బంతిని పోనిస్తాడు. దిగ్గజాన్ని ఓడించానని రయీస్ పొంగిపోతాడు. పొంగిపోయినవాడు మోకాళ్ళ గురించి అడగడు. కుడివైపే వాలాలని, ఎడమ మోకాలి మీద బరువు పెట్టొద్దని నేను ఒట్టు వేయించుకున్నాను.

ప్రారంభోత్సవం

ఆ సాయంత్రం మైదానం నిండిపోయింది. మల్లేశం క్యాంపు మొత్తం వచ్చింది, మలయాళీలు జెండాలు తెచ్చారు. గాబోర్ బంతిని చంకలో పెట్టుకుని మెల్లగా నడిచి, పెనాల్టీ చుక్క దగ్గర నిలబడి మైకు అడిగాడు.

“ఈ బంతిని నేను చాలాసార్లు తన్నాను. ఈ మైదానం కట్టిన మనిషి నన్ను దాటించగలడా అని నాకు చూడాలనుంది” అన్నాడు. బంతిని రయీస్ కాళ్ళ దగ్గరికి దొర్లించి, తను గోల్‌లోకి వెళ్ళి నిలబడ్డాడు.

జనం ఒక్కసారిగా హోరెత్తారు. రయీస్ వద్దు వద్దన్నాడు. అట్లా అంటూనే చెప్పులు విప్పాడు. లోకంలో ఎవడు కాదంటాడు చెప్పండి? తోబు అంచు ఎత్తి నడుముకు దోపుకుని, నడుం నొప్పి మర్చిపోయి, వట్టికాళ్ళతో పరుగెత్తుకొచ్చి తన్నాడు. పెద్ద దెబ్బేం కాదు. బంతి నేల మీద దొర్లుకుంటూ గాబోర్ ఎడమ వైపుగా వచ్చింది. గాబోర్ అదోలా మెలితిరిగి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బంతి తీరిగ్గా లోపలికి పోయింది.

ఆ తర్వాత రయీస్‌ను చూడాలి! తలగుడ్డ మీద చుట్టుకునే నల్లతాడు, ఇగాల్, ఎగిరి పడిపోయింది, ఏరుకోలేదు. మైదానమంతా చేతులు చాచి పరుగెత్తాడు. ఆ ఊపులోనే మైకు లాక్కుని, గాబోర్ వచ్చే ఏడాదీ, ఆ పై ఏడాదీ ఇక్కడే అని ప్రకటించాడు. పెద్దమనసుతో కావాలనే వదిలాడు అని జనం అనుకున్నారు. నిజంగానే ఓడించాను అని రయీస్ అనుకున్నాడు. పథకం పారింది అని నేను అనుకున్నాను.

గాబోర్‌ను భుజం పట్టి గదికి తీసుకొచ్చి, బల్ల మీద పడుకోబెట్టి, ఐస్ సంచి తెచ్చాను. బోర్లా పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడనుకుని నేను కూడా నవ్వాను.

“ఏం నటించారు కాప్టెన్! అనుకున్నది అనుకున్నట్టే అయింది!”

“కాలేదు” అన్నాడు. గొంతు బొంగురుపోయింది. ఏడుస్తున్నాడు, మామూలు ఏడుపు కాదు, కోపంతో ఏడుపు. “నేను వదల్లేదు బాషా. వదిలేద్దామనే నిలబడ్డాను. వాడు పరుగెత్తుకొస్తుంటే అన్నీ మర్చిపోయాను. ఉద్యోగం, ఖురూజ్, నీకు వేసిన ఒట్టు, అన్నీ. ఆపాలనిపించింది, అంతే. బంతి ఎటొస్తుందో నాకు ముందే తెలిసింది. ఎడమకు దూకబోయాను. మోకాలు లేవలేదు.”

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ మోకాలు బాగుండి ఉంటే బంతి ఆగేది. ఊరంతా చూస్తుండగా రయీస్ నవ్వులపాలయ్యేవాడు. గాబోర్ తర్వాతి విమానంలో ఉండేవాడు. రోజూ నేను తిట్టుకుంటూ ఐస్ పెట్టిన ఆ పాడు మోకాలే ఆయన ఉద్యోగం నిలబెట్టింది! నవ్వు ఆపుకోలేకపోయాను. నా కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. ఆయనకు నా నవ్వు ఏమాత్రం నచ్చలేదు.

బయట డప్పులు మోగుతున్నాయి. రయీస్ గొంతు వరండాలో వినబడింది, తను ఎట్లా తన్నాడో ఎవరికో చెప్తున్నాడు. గాబోర్ లేచి కూర్చున్నాడు. ఐస్ సంచి పక్కకు విసిరేశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎడమకాలిని రెండు చేతులతో పట్టి నేల మీదికి దించాడు.

“అది ఆపదగ్గ బంతి” అన్నాడు. “పిలువు వాణ్ణి. ఇంకొక్కసారి తన్నమను.”

నేను లేచి పోయి తలుపుకు గడియ పెట్టాను.